పన్నెండు వెన్నులు, ఒక పేరు

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనికి అడుగుపెట్టినవారికి మొదట ఎదురుపడేది రాయి. దారి పక్కల, చెట్ల నడుమ, ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చి మరచిపోయినట్లుండే గుండ్లు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాలకు గోడలైనదీ గ్రానైటే. హైదరాబాదు నగరాన్ని మోస్తున్న ఈ రాతికి సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు ఉన్నది. భూగర్భంలో కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన రాయి ఇది. దీనిని ఎంత లోతు తొలిచినా ఎముక దొరకదు. ఇది గడ్డకట్టేనాటికి భూమిపై ఎముక ఉన్న ప్రాణియే లేదు.

అయినను, పొడుగుమెడ రాక్షసిబల్లుల వెన్నెముకలను గురించి శాస్త్రజ్ఞులు పడుతున్న ఒక చిక్కును బోధపరచుకోవడానికి ఈ ప్రాంగణంకంటె అనువైన చోటు లేదేమో. ఇక్కడనే ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఉన్నది. తాటాకు ప్రతులతో పని చేసినవారికి ఒక కష్టం బాగుగా తెలుసు. ఒక కావ్యానికి పన్నెండు ప్రతులు దొరికినవనుకొందాము. ఒకదానిలో ఒక పద్యం ఎక్కువ, మరొకదానిలో ఒక పాదం తారుమారు, ఇంకొకదానిని చెదలు తిన్నవి, వేరొక దానిలో వ్రాయసకాడు తన ఊరి పలుకుబడిని జొప్పించినాడు. పరిష్కర్త తేల్చవలసినది ఒక్కటే: ఈ భేదాలలో ఏది వ్రాతలో దొర్లిన తప్పు, ఏది పురుగు చేసిన పని, ఏది నిజంగా మరొక కవి రచన? ప్రతి ఒక్కటే దొరికితే ఈ బాధ ఉండదు. కాని అప్పుడు పోల్చి చూడడానికి రెండవది ఉండదు గనుక, ఆ ఒక్క ప్రతిలోని తప్పులు కూడా కవిగారి ప్రయోగాలుగానే చెలామణి అవుతవి.

ప్రాణహిత లోయలో దొరికిన రాక్షసిబల్లుల విషయంలో వచ్చిన చిక్కు అచ్చముగా ఇటువంటిదే.

అసలు వెన్నుపూస అనే మన మాటలోనే ఒక చిన్న మోసమున్నది. పూస అనగానే దండ గుర్తుకు వస్తుంది. దండ అనగానే ఒకే అచ్చున పోసిన గుండ్లు గుర్తుకు వస్తవి. వెన్నెముక అట్టి దండ కాదు. మేక మెడను, వీపును వండిన ఇంట భోజనానంతరం ఆ ఎముకలను కడిగి వరుసగా పేర్చి చూస్తే పిల్లలకు కూడా ఇది తెలిసిపోతుంది. మొదటి పూస ఉంగరంవలె ఉండి, రెండు పక్కల రెక్కలు చాచుకొని ఉంటుంది. రెండవదానికి ముందుకు పొడుచుకొని వచ్చిన పన్నువంటి మొన ఉన్నది. ఆ మొన ఆధారంగానే తల ఇటూ అటూ తిరుగుతుంది. రొమ్ము భాగాన ఉన్న పూసలకు పైకి నిటారుగా ముళ్ళు, పక్కటెముకలు అతుకుకొనే చోట నున్నని గుంటలు కనబడుతవి. నడుము పూసలకు వెడల్పయిన పక్క రెక్కలు. తోక కొసకు వచ్చేసరికి రెక్కలూ లేవు, ముళ్ళూ లేవు. దారం చుట్టే కండెవంటి చిన్న తునకలు మిగులుతవి. అయిదు వేళ్ళూ ఒక్కటిగా ఉండవన్నది మనుష్యుల స్వభావాన్ని గురించి చెప్పే సామెత; వెన్నుపూసల విషయంలో అది అక్షరసత్యం.

అయినా ఇన్ని రూపాల వెనుక ఉన్న కట్టడం ఒక్కటే. కింద ఒక దిమ్మ, దానిపై ఒక కమాను, కమాను నడినెత్తిన ఒక ముల్లు. దిమ్మ బరువు మోస్తుంది. కమాను కిందుగా వెన్నుపాము సాగిపోతుంది. ముల్లును పట్టుకొని కండరాలు లాగుతవి. బడి పుస్తకాలలో కశేరుక అని చెప్పేది దీనినే. పసితనంలో దిమ్మ వేరు, కమాను వేరు. నడుమ మెత్తని ఎముక ఉండి, వయస్సు వచ్చేకొద్దీ రెండూ అతుకుకొని ఏకమవుతవి. ఈ సంగతి ముందు పనికివస్తుంది.

పాలిచ్చే జంతువులలో మెడపూసల లెక్క దాదాపు ఎక్కడా తప్పదు. మేకకు ఏడు, మనిషికి ఏడు, జిరాఫీకి సైతం ఏడే. దాని మెడ పొడుగంతా ఒక్కొక్క పూస సాగడం వల్ల వచ్చినదే. పొడుగుమెడ రాక్షసిబల్లులు ఈ కట్టుబాటును ఎరుగవు. సారోపాడులని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ వంశంలో అమెరికాలో దొరికిన కామరసారస్‌కు 12 మెడపూసలు, డిప్లొడోకస్‌కు 15, చైనాలో దొరికిన మామెన్‌చీసారస్‌లలో ఒకదానికి 19. ఆ చైనా బల్లులలోనే మరొక దాని మెడ 15 మీటర్లు ఉండవచ్చునని 2023లో అంచనా కట్టినారు. పూసలు సంఖ్యలో పెరిగినవి, పొడవులోనూ పెరిగినవి. అంత పొడవు మెడ తన బరువుకు తానే విరిగిపోకుండా నిలబడినదంటే కారణం, ఆ పూసలు చాలమట్టుకు గుల్లలు కావడమే. పక్షులలోవలె ఊపిరితిత్తులనుండి బయలుదేరిన గాలి తిత్తుల కొమ్మలు ఎముకలోనికి చొచ్చుకొనిపోయి, దానిని లోపలినుండి తొలిచివేసినవి. కొన్ని మెడపూసలలో ఎముక కంటె గాలి చోటే ఎక్కువ.

ఈ గుల్లతనం తొలినాటి పండితులను ఎంత తికమక పెట్టినదో చెప్పుకోదగిన విషయమే. ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ 1841లో ఇట్టి ఒక జంతువు ఎముకలను చూచి, ఇది సముద్రంలో తిరిగే ఏదో మహాకాయమని తలచి, తిమింగలపు బల్లి అనే అర్థంలో సీటియోసారస్ అని పేరు పెట్టినాడు. 1870లో సీలీ అనే మరొక పండితుడు, అదే వంశపు పూసలలోని గాలి గదులను చూచి, ఇది పక్షికి దగ్గరి ప్రాణి కాబోలునని ఆర్నితాప్సిస్ అన్నాడు. ఒకే వంశపు వెన్ను ఒకరిని నీటిలోనికి, మరొకరిని ఆకాశంలోనికి తీసుకొనిపోయినది. ఇద్దరూ సామాన్యులు కారు. వారి చేతిలో ఉన్నవి మాత్రం కొద్దిపాటి ముక్కలు.

మన లోయలో ముక్కలకు అంత కరువు లేదు. సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఆ దాపున, ప్రాణహిత ఎడమగట్టున కోట అనే ఊరు ఉన్నది. అక్కడి సున్నపురాతిలో చేపల శిలాజాలు దొరుకుతవని 1850 ప్రాంతం నాటికే ఐరోపా పండితులకు తెలిసినది. 1881లో విలియం కింగ్ ఈ లోయ భూగర్భ నిర్మాణాన్ని సమగ్రంగా వర్ణించినాడు. ఆ ఊరి పేరు మీదనే ఈ రాళ్ళ వరుసను కోట శిలాస్తరమంటారు. ఇసుకరాయి, బురదరాయి, సున్నపురాయి కలిసిన ఈ స్తరం ఒకనాటి నదులు, చెరువులు వదలిపెట్టిన ఒండ్రు. దీని వయస్సు సుమారు 18 కోట్ల సంవత్సరాలు. ఉస్మానియా గుండ్లతో పోలిస్తే నిన్నమొన్నటి రాయి.

ఇందులో మొదట వెలుగు చూచిన మహాకాయానికి కవి పేరు వచ్చినది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ, మహలనోబిస్ పూనికతో లండనునుండి పామెలా లాంప్లూ రాబిన్సన్ అనే విదుషిని రప్పించి, శిలాజాల పని ప్రారంభించినది. ఆ సంస్థవారు 1960, 61 సంవత్సరాలలో సిరొంచ తాలూకాలోని పోచంపల్లి వద్ద 276 చదరపు మీటర్ల మేర పరచుకొని ఉన్న సుమారు 300 ఎముకలను వెలికితీసినారు. ఆరు జంతువులకు తక్కువ కాని గుంపు అది. ఒక తొడ ఎముక 1.7 మీటర్లు; మనిషి నిలువెత్తు. బెంగాలీలో పెద్ద కాలును బారా పా అంటారు. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం. 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీలు దీనికి బారాపాసారస్ టాగోరై అని నామకరణం చేసినారు.

రెండవది మన తెలంగాణది. పోచంపల్లికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర 1970-80 దశకం చివరి సంవత్సరాలలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు త్రవ్వగా, 2,400 చదరపు మీటర్ల చోట 840 అస్థి భాగాలు బయటపడినవి. ఆ సంస్థ శాస్త్రజ్ఞుడు యాదగిరి 1988లో వీనిని కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే పేర లోకానికి పరిచయం చేసి, 2001లో ఎముక ఎముకనూ వివరించే వ్యాసాన్ని ప్రకటించినారు. లాటిను తోక తగిలించుకొన్న ఆ పేరులో మన పల్లి చెక్కుచెదరక నిలిచి ఉండడం తెలుగు చెవికి ఇంపైన సంగతి. జంతువు సుమారు 9 మీటర్ల పొడవు, రెండున్నర టన్నుల బరువు ఉండవచ్చునని అంచనా. సారోపాడులలో ఇది చిన్నదే. బారాపాసారస్ 14 మీటర్లు.

ఈ రెంటినీ వేరుచేసి చూపే లక్షణాలలో వెన్ను ముఖ్యమైనది. కోటసారస్ వీపుపూసల దిమ్మలు గట్టివి; పక్కల లోతు లేని సొట్టలున్నవే గాని లోపల గుల్లలు లేవు. తుంటి ఎముక కూడ పాతకాలపు పూర్వుల పోలికనే నిలుపుకొన్నది. అందుచేతనే కొందరు దీనిని సారోపాడుల గడపలోపల కూర్చుండబెడితే, మరికొందరు గడప వెలుపల నిలబెడుతున్నారు. బారాపాసారస్ దిమ్మలకు కూడ సొట్టలే ఉన్నవి గాని, వీపు వెనుక భాగపు పూసల కమానులో ఒక గుల్ల కనబడుతున్నది. తరువాతి కాలంలో అమెరికా, చైనా బల్లులలో గదులు గదులుగా విస్తరించిన నిర్మాణానికి ఇవి తొలి అడుగులు. ఒకే లోయలో, ఒకే స్తరంలో ఆ మార్పు మొదటి మెట్లను చూడగలగడం సామాన్యమైన అదృష్టం కాదు.

ఇక్కడనే ప్రశ్న. రెండు పూసల మధ్య భేదమున్నంత మాత్రాన రెండు జాతులని చెప్పవచ్చునా?

భేదం అనేక దారులలో వస్తుంది. ఒకే జంతువు మెడలో అయిదవ పూస వేరు, పదవ పూస వేరు. విడివిడిగా దొరికినప్పుడు అది ఎన్నవదో చెప్పడం కష్టం. వయస్సు వల్ల వచ్చే భేదం ఒకటి. దీని మూలంగా నడిచినంత వ్యాజ్యం ఇంకే ఎముక మీదా నడవలేదు. 1877లో అమెరికాలో మార్ష్ అపాటోసారస్ అని ఒక జంతువుకు పేరు పెట్టి, రెండేండ్ల తరువాత బ్రాంటోసారస్ అని మరొక దానికి పెట్టినాడు. మొదటిదానికి తుంటి దగ్గర మూడు పూసలు, రెండవదానికి అయిదు అని ఆయన చూపిన తేడా. 1903లో ఎల్మర్ రిగ్స్ పరిశీలించి, మొదటిది పూర్తిగా ఎదగనిదని, ఆ పూసలు వయస్సుతోపాటు అతుకుతవని, కనుక రెండు పేర్లు అక్కరలేదని చెప్పినాడు. మనిషి సంగతీ అంతే: పసివానికి 33 వెన్నుపూసలైతే, తుంటి వద్దా తోక మొదటా ఉన్నవి అతుకుకొని పెద్దవానికి 26 ఎముకలే లెక్కకు వస్తవి. వైద్యుడు ఆ ఇద్దరినీ రెండు జాతుల ప్రాణులనడు. బ్రాంటోసారస్ పేరు అట్లా నూరేండ్లకు పైగా మరుగున పడినది. 2015లో చోప్, మాతెయస్, బెన్సన్ అనేవారు 81 నమూనాలలో 477 లక్షణాలను పోల్చి చూచి, భేదాలు ఒక వంశంలో మామూలుగా కనబడేవాని కంటె ఎక్కువగా ఉన్నవని దానిని తిరిగి బ్రతికించినారు. ఆ తీర్పుకు కూడ అందరి ఆమోదమూ లేదు.

పూసపై ముల్లు రెండుగా చీలి ఉండే బల్లులు కొన్ని ఉన్నవి. ఆ చీలిక వయస్సుతో వచ్చేదని 2012లో ఇద్దరు పరిశోధకులు వాదించినారు. చీలని ముళ్ళున్నవి పిల్లలనీ, చీలినవి పెద్దవనీ వారి భావం. మరుసటి సంవత్సరం వెడెల్, టేలర్ అనేవారు బదులు చెప్పినారు: చీలని ముల్లు అన్నది చాలా చోట్ల వయస్సుకు గుర్తు కాదు, వరుసలో స్థానానికి గుర్తు, పెద్ద జంతువు మెడలోనూ ముందరి పూసల ముళ్ళు చీలి ఉండవు గదా అని. పన్నెండవ పద్యాన్ని మూడవ పద్యానికి పాఠాంతరమనుకొన్నట్టి పొరపాటు ఇది.

వయస్సూ స్థానమూ రెండూ సరిపోయినా భేదం పోదు. గాలి గుంటల సంగతే చూడండి. తూర్పు ఆఫ్రికాలోని తెందగురు కొండవద్ద త్రవ్వి తీసి, బెర్లిను మ్యూజియంలో నిలబెట్టిన జిరాఫటైటన్ తోకలో కొన్ని పూసలకు గాలి గుంటలుండి, తరువాత కొన్నిటికి లేక, మరల ప్రత్యక్షమవుతవి. ఒకే పూసకు ఒక పక్కన గుంట ఉండి రెండవ పక్కన ఉండకపోవడమూ కద్దు. కుడి ఎడమలకే పొత్తు కుదరనప్పుడు ఊరికీ ఊరికీ మధ్య భేదాన్ని ఏమని నమ్మేది? ఇందుకు కారణాన్ని టేలర్, వెడెల్ 2021లో ఇట్లు ఊహించినారు. గాలి తిత్తి కొమ్మ ఎముకలోనికి తనంతట దారి చేసికొనదు. పసితనంలో ఆ పూసకు రక్తం తెచ్చిన నాళం వెంబడిని పోతుంది. రక్తనాళాల దారులు మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో కుడికీ ఎడమకూ తేడాగా ఉంటవని శవపరీక్ష చేసే ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. నాళం ఎక్కడ పడితే గుంట అక్కడ. ఈ వివరణ ఇంకా నిలదొక్కుకోవలసి ఉన్నది గాని, ఇంతవరకు వచ్చినవానిలో ఇదే కుదురైనదిగా కనబడుతున్నది.

ఇక చెదల పని చేసేది రాయి. కోట్ల ఏండ్ల భారం పైన పడగా గుండ్రని దిమ్మ కోడిగ్రుడ్డు ఆకారం దాల్చుతుంది. నిటారు ముల్లు పక్కకు వాలుతుంది. ఆ వాలును జాతి లక్షణమని వ్రాసికొన్న సందర్భాలు శాస్త్ర చరిత్రలో లేకపోలేదు.

తక్కువ ఆధారం మీద కట్టిన పేరు ఏమవుతుందో మన దేశంలోనే చూచినాము. థగ్గులను అణచిన అధికారిగా పేరుపొందిన స్లీమన్ 1828లో జబల్పూరు దగ్గర కొన్ని శిలాజపు ఎముకలను ఏరినాడు. వానిలోని రెండు తోకపూసలు ఆధారంగా 1877లో లిడెకర్ టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టినాడు. ముందు గుంట, వెనుక బంతివంటి ఉబ్బు ఉన్న తోకపూస ఆ నాటికి అపూర్వం. తరువాత దక్షిణ అమెరికాలో, ఐరోపాలో, ఆఫ్రికాలో ఆ రూపమే దొరుకుతూ వచ్చినది. అన్నీ టైటనోసారస్సులే అయినవి. చివరకు ఆ లక్షణం ఒక జాతిది కాదు, ఒక పెద్ద కుటుంబానికంతకూ ఉమ్మడి సొత్తని తేలినది. 2003లో విల్సన్, అప్‌చర్చ్ ఆ పేరు ఇక ఏ ఒక్క జంతువుకూ చెల్లదని నిర్ణయించినారు. ఈ లోపల ఆ రెండు పూసలు కూడ కనబడకుండా పోయి, 2012లో కలకత్తాలోని సర్వేక్షణ సంస్థ భాండారంలోనే మొహబే మొదలైనవారికి తిరిగి దొరికినవి. పేరు పోయినది, పూసలు వచ్చినవి.

కోటసారస్‌కు ఆ గతి పట్టకుండా కాపాడగలిగినది దాని పన్నెండు అనే సంఖ్యే. యామన్‌పల్లి 840 భాగాలు కనీసం పన్నెండు జంతువులవని లెక్క. ఇట్టి లెక్కకు వాడే పద్ధతి తేలికది: ఒక జంతువుకు కుడి తొడ ఎముక ఒక్కటే ఉంటుంది గనుక, ఎన్ని కుడి తొడ ఎముకలుంటే కనీసం అన్ని జంతువులు. వరదలో ఒక మంద మునిగి ఈ చోటికి కొట్టుకువచ్చి ఉండవచ్చునని ఊహ. ఒకే చోట, ఒకే ఒండ్రులో పడి ఉన్న ఒకే జాతి మందలో పూసలు ఎంతవరకు తేడాగా ఉండునో కొలిస్తే, ఆ జాతి తనలో తాను సహించే భేదం ఎంతో తెలుస్తుంది. పొరుగున ఉన్న బారాపాసారస్ ఆ మేరకు లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా అని అప్పుడు అడగవచ్చును.

విచిత్రమేమనగా, ఈ ప్రశ్నకు గణితంలో సమాధానం చెప్పినది బారాపాసారస్‌ను త్రవ్వించిన సంస్థ వ్యవస్థాపకుడే. మహలనోబిస్ 1922లో కలకత్తా ఆంగ్లోఇండియనుల దేహ కొలతలను పరిశీలించినప్పటినుండి ఆయనను ఈ సమస్య వెన్నంటి ఉన్నది. 1936లో ఆయన ప్రకటించిన దూరమానం సారం, లెక్కల మాష్టరు తరగతిలో చెప్పగలిగినంత సులభం. రెండు బళ్ళ పిల్లల సగటు ఎత్తుల మధ్య 5 సెంటీమీటర్ల తేడా ఉన్నదనుకోండి. ఒక్కొక్క బడిలోనే పిల్లల మధ్య 30 సెంటీమీటర్ల ఎచ్చుతగ్గులుంటే ఆ 5కు విలువ లేదు. బడిలో అందరూ రెండు సెంటీమీటర్ల లోపల ఒకే ఎత్తున ఉంటే ఆ 5 చాలా పెద్దది. లోపలి చెల్లాచెదరుతో తూచి చూస్తేనే బయటి దూరానికి అర్థం. ఎత్తుతోపాటు చేతి పొడవును కూడ కొలిస్తే, ఆ రెండూ కలిసి పెరిగేవే గనుక, ఒకే తేడాను రెండుమార్లు లెక్కపెట్టకుండా సరిచేయడం ఆ సూత్రంలోని నేర్పు.

దీనిని ఎముకలకు ప్రయోగించి చూపినవారిలో మనవాడొకడున్నాడు. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఆ గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, రెండవ ప్రపంచ యుద్ధానంతరం కేంబ్రిడ్జికి వెళ్ళి, సూడానులోని జెబెల్ మోయా శ్మశానవాటికలో త్రవ్వి తీసిన ప్రాచీన మానవుల ఎముకలను ఈ దూరమానంతో పరిశీలించినారు. 2023లో నూటరెండేండ్ల వయస్సులో కాలధర్మం చెందేనాటికి ఆయన కీర్తి గణాంకశాస్త్రమంతటా వ్యాపించి ఉన్నది. కాని ఆ కీర్తికి మొదటి మెట్లలో ఒకటి ఎముకల పెట్టెల నడుమ పడినదన్న సంగతి మన బళ్ళలో చెప్పుకోవడం అరుదు.

యామన్‌పల్లి మందకు ఈ కొలబద్దను వర్తింపజేయడంలో ఇబ్బందులు లేకపోలేదు. 840ని పన్నెండుకు పంచితే ఒక్కొక్కదాని వాటాకు 70 ముక్కలు వస్తవి. ఇట్టి జంతువు ఒంట ఎముకలు రెండు వందలకు మించి ఉంటవి. అంటే దొరకనిదే ఎక్కువ. దొరికినవి కలగాపులగంగా కలిసిపోయినవి. ఏ పూస ఏ జంతువుదో చెప్పే గుర్తు లేదు. ఆకులు ఊడి, పన్నెండు ప్రతులూ ఒకే మూటలో కలిసినట్లు. ముందుగా పూసలను స్థానాన్ని బట్టి వేరుచేయాలి; పిమ్మట దిమ్మ, కమాను అతుకుకొన్నదీ లేనిదీ చూచి పిల్లలను పెద్దలనుండి వేరుచేయాలి; నొక్కుడు పడినవానిని పక్కన పెట్టాలి. అప్పటికి ఒక్కొక్క రాశిలో మిగిలేవి కొద్ది. అయినప్పటికీ ఒక్కదానికంటె కొద్దియే మేలు. లిడెకర్ చేతిలో ఉన్నవి రెండే రెండు.

ఈ ఎముకలలో కొన్నిటిని కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాదులోనే, హుస్సేన్ సాగరానికి దక్షిణాన నౌబత్ పహాడ్ మీద ఉన్న బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్నది. తార్నాక బడి పిల్లలు ఒక పూటలో చూచి రాదగిన దూరం. వారితో వెళ్ళే ఉపాధ్యాయులు, ఆ నిలువెత్తు కాళ్ళ దగ్గర పిల్లలు ఆగిపోకుండా చూచి, మెడ మొదలునుండి తోక చివరివరకు పూసల వెంబడి మెల్లగా నడిపించడం మంచిది. ముల్లు ఎక్కడ ఎత్తు పెరిగినదో, దిమ్మ ఎక్కడ పొట్టిదైనదో, తుంటివద్ద ఏవి కలిసిపోయినవో పిల్లలే చెప్పగలరు. తల దగ్గర మాత్రం ఒక మాట ముందుగా చెప్పవలసి ఉంటుంది. మెడకు సంస్కృతంలో శిరోధర అని పేరు, తలను ధరించునది అని. యామన్‌పల్లి 840 ముక్కలలో రెండు పళ్ళు తప్ప పుర్రె లేదు. ఆ మెడ ధరించి ఉన్న తల మనుష్యులు చేసి పెట్టినది.